కింది వరుసలో నా ఫోటో

"జైత్ర కాయిన్ మోసం కేసులో ఎంతటివారినైనా వదిలే ప్రసక్తే లేదు" అని ఇంద్రసేన అన్న చిక్కడపల్లి చౌరస్తాలో మైకు పట్టుకుని ప్రకటించారు. అన్న రాష్ట్ర స్థాయి నాయకులు. ఏ పార్టీలో అని అడగకూడదు, అది కారు వెనక అద్దం మీద మారుతూ ఉంటుంది. ఆ ప్రకటనకు మొదట చప్పట్లు కొట్టింది నేనే. చట్టమంటే నాకంత గౌరవం. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో పద్దెనిమిదేళ్లుగా రాజ్యాంగం పాఠాలు చెబుతున్నాను. పేరు భానుప్రకాశ్.

నిజం చెప్పాలంటే, నారాయణగూడలో ఆ క్రిప్టో కాయిన్ ఆఫీసుకు రిబ్బన్ కత్తిరించింది కూడా అన్నే. "ఈ కాయిన్ చేతికి దొరకదు, కంటికి కనబడదు, గందుకే దీన్ని దొంగలెత్తుకపోలేరు" అని ఆ రోజు ప్రసంగించారు. నేను నోట్సు రాసుకున్నాను. పక్కనే కంపెనీ యజమాని అభిజిత్ చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

ప్రారంభోత్సవానికి ముప్పై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. మా దగ్గర ఫ్లెక్సీలో ముఖానికో రేటుంటుంది. పై వరుస అన్నకీ అభిజిత్‌కీ. నడి వరుస మూడు వేలు. కింది వరుస, స్టాంపు సైజు, ఐదు వందలు. ఆ ఐదు వందలూ ఇచ్చి నేను కూడా ఎక్కాను. ఫోటో పదిహేనేళ్ల నాటిది, జుట్టున్నప్పటిది. మా ఆవిడ త్రివేణిని ఆటోలో తీసుకెళ్లి మరీ చూపించాను.

"నీ మొఖం కన్న పక్కన కొట్టిన మేకు పెద్దగున్నది" అంది.

అసూయ అనుకున్నాను.

ఆ మర్నాడు క్లాసు అయ్యాక ఉప్పలయ్య వచ్చాడు. జనగామ దగ్గర ఊరు, హాస్టల్లో ఉంటూ మూడేళ్లుగా గ్రూప్ టూ రాస్తున్నాడు.

"సార్, ఫ్లెక్సీల మీరు గూడ ఉన్నరు. అయితే కాయిన్ పక్కానా?"

తెలియదు అని ఉండొచ్చు. పద్దెనిమిదేళ్లు పాఠాలు చెప్పిన నోటికి ఆ మాట రాదు.

"పక్కా కాకపోతే అన్న రిబ్బన్ కత్తిరిస్తడా?" అన్నాను.

వాళ్లమ్మ పెంటమ్మ గొర్రెలు అమ్మి పంపిన అరవై వేలు ఉప్పలయ్య ఆ సాయంత్రమే కాయిన్లో పెట్టాడు. నేను మాత్రం రూపాయి పెట్టలేదు. నమ్మకం వేరు, డబ్బు వేరు.

ఆరు నెలలకు యాప్ తెరుచుకోవడం మానేసింది. అభిజిత్ కూడా కంటికి కనబడటం మానేశాడు. అన్న వెంటనే జైత్ర కాయిన్ బాధితుల సంఘం పెట్టి గౌరవాధ్యక్షులయ్యారు. అంత వేగంగా బాధపడిన నాయకుణ్ణి నేను చూడలేదు.

కానీ జనానికి అనుమానం ఎక్కువ. చాయ్ హోటల్లో రోజూ అదే గోల. "రిబ్బన్ కత్తిరించినాయనను ఎందుకు పట్టుకుంటలేరు? పెద్దోళ్లను తప్పిచ్చుడే గీ కేసంత."

నేను ఊరుకోను కదా. "చూడున్రి, రిబ్బన్ కత్తిరించుడు పాత చట్టంల నేరం కాదు, కొత్త చట్టంల గూడ కాదు. దర్యాప్తు మీద విశ్వాసముండాలె" అని సెక్షన్లతో సహా వివరించేవాణ్ణి. నా చాయ్ డబ్బులు నేనే కట్టుకునేవాణ్ణి, ఎవరూ కట్టేవారు కాదు.

ఈలోగా పోలీసులు ఫ్లెక్సీ కోసం వెతికారు. పని అయిపోయిన ఫ్లెక్సీ మా బస్తీల్లో వృథా పోదు. మిర్చి బజ్జీల బండి బీరయ్య దాన్ని తన బండికి పైకప్పుగా వేసుకున్నాడు. పోలీసులు స్వాధీనం చేసుకునే సరికి అందులో కింది వరుస ఒక్కటే మిగిలింది.

"పై భాగమేదిరా?" అని అడిగారట.

"నిన్ననే అన్న మనుషులొచ్చిన్రు సార్. అన్న మొఖం మీద నూనె చుక్కలు పడుతున్నయి, పాపం తగుల్తదన్నరు. నడి వరుస దాక కోసుకొని పోయిన్రు."

చాయ్ హోటల్లో దీనికి కూడా నవ్వారు. భక్తికి సాక్ష్యం అడగకూడదని నేను చెప్పాను.

వారం తిరగకుండా నాకు నోటీసు వచ్చింది. కేసు కోసం పెట్టిన ప్రత్యేక దర్యాప్తు బృందం ముందు హాజరు కావాలట. నేను సాక్షిని! క్లాసులో రెండు వందల మందికి చెప్పాను. ఖద్దరు చొక్కా ఇస్త్రీ చేయించాను.

"సాక్షి అని ఇందుల ఎక్కడున్నది?" అంది త్రివేణి నోటీసు తిప్పి తిప్పి చూసి.

"అన్నీ రాస్తరా? అర్థం చేసుకోవాలె."

ఇన్‌స్పెక్టర్ సంయుక్త గారు మర్యాదస్తురాలు, కుర్చీ వేయించారు. బల్ల మీద కింది వరుస పరిచి ఉంది, నూనె వాసనతో సహా. ఆవిడ నా ముఖమూ, ఆ ముఖమూ నాలుగుసార్లు చూసి, "ఇది మీరు కాదనుకుంటా, మిగతావాళ్లలాగే మీరూ వెళ్లొచ్చు" అన్నారు.

నాకు తల తీసేసినట్టయింది. ఐదు వందలు పెట్టి వేయించుకున్న ముఖం!

"ఎట్ల కాదు మేడం? నేనే!" అన్నాను. పాత ఐడీ కార్డు తీశాను. పెళ్లి ఫోటో ఫోన్లో చూపించాను. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఫ్లెక్సీలోనూ చెవి కిందా ఒకేచోట ఉందని స్కేలు అడిగి మరీ కొలిచి చూపించాను. పది నిమిషాలు వాదించి గెలిచాను. ఆవిడ కాగితం ముందుకు జరిపారు, సంతకం పెట్టాను.

"సాక్షుల లిస్టుల నా నంబరెంత మేడం?"

"సాక్షి కాదు సార్. నిందితుల లిస్టులో ఏ-త్రీ."

"ఏ-వన్?"

"అభిజిత్. పరారీలో ఉన్నాడు."

"ఏ-టూ?"

"బీరయ్య. సాక్ష్యం కోయనిచ్చినందుకు."

తర్వాత ఒక వాంగ్మూలం చదివి వినిపించారు. 'నాకు అన్న తెల్వదు, అభిజిత్ తెల్వదు. కింది వరుసల మా సారు ఫోటో చూసి పైసలు పెట్టిన. మా సారు అబద్ధం చెప్పడు.' కింద ఉప్పలయ్య సంతకం. ఆ కేసు మొత్తంలో అబద్ధం లేని కాగితం అదొక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్‌స్పెక్టర్ గారు మంచినీళ్లు తెప్పించారు.

అరెస్టయిన పన్నెండో రోజు బెయిలు మీద చిక్కడపల్లి వచ్చాను. చౌరస్తాలో కొత్త ఫ్లెక్సీ. పైన అన్న చేతులు జోడించి ఉన్నారు. కింద నేనొక్కణ్ణే, ఆరడుగులు, జుట్టుతో. స్టాంపును సాగదీయడంతో ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. అయినా అందరూ గుర్తుపట్టారు. 'ఇలాంటి ద్రోహులను కఠినంగా శిక్షించాలి' అని రాశారు. ఈసారి పైసా తీసుకోలేదు.

చాయ్ హోటల్లో అనుమానాలు పూర్తిగా తీరిపోయాయి. "మొత్తానికి పెద్ద తలకాయనే పట్టిన్రు" అంటున్నారు.

ఫ్లెక్సీ కింద టేబుల్ వేసి బాధితుల సంఘం సభ్యత్వాలు రాస్తున్నారు. సభ్యత్వం ఐదు వందలు. ఎవరి పైసలు వాళ్లకు అన్న తిరిగి ఇప్పిస్తారట. వరుసలో ఉప్పలయ్య ఉన్నాడు, చేతిలో మడతపెట్టిన నోటుతో.

దగ్గరకు వెళ్లాను. ఈసారి నోరు పెగిలింది.

"ఉప్పలయ్యా, కట్టకురా. ఒక్క రూపాయి గూడ రాదు. నా మాట ఇను."

వాడు నా వంక చూశాడు. తలెత్తి ఫ్లెక్సీ చూశాడు, నా ముఖం కింద రాసింది పెదాలు కదుపుతూ చదివాడు. మళ్లీ నా వంక చూశాడు.

"మీ మాట ఎట్ల ఇనాలె సార్?" అన్నాడు, కోపం లేకుండానే.

వరుస ముందుకు జరిగింది. వాడు నోటు మడత విప్పి ఇచ్చి రసీదు తీసుకున్నాడు. దాని మీద అన్న ఫోటో ఉంది, స్టాంపు సైజులో.