నా పొట్టలో సంగతి నాకెందుకు?

జబ్బు చేసిన మనిషికి ఆ జబ్బు సంగతి చెప్పకపోవడమంత గొప్ప వైద్యం ఇంకోటి లేదు! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

అండాశయంలో కాన్సర్ అని నాకు ఆపరేషన్ చేశారు. అది ఇంకెక్కడికైనా పాకిందేమో చూడాలని అల్ట్రాసౌండ్ స్కానింగుకి పంపారు. సీసాడు నీళ్ళు తాగించి, ఆపుకోమన్నారు. చల్లటి జెల్ పూశారు. పొట్ట నాది, నీళ్ళు నావి, ఆపుకోలేని అవస్థ నాది. స్క్రీన్ మాత్రం అవతలి వైపు తిప్పి ఉంది! ఎంత మర్యాద! లోపలి విషయాలు తొంగిచూడటం తప్పు కాదూ?

"ఏమైనా కనిపించిందా అండీ?" అన్నాను.

"మీరు రిలాక్స్ అవ్వండమ్మా" అని డాక్టరమ్మ లేచి వెళ్ళి, కారిడార్‌లో మా ఆయనకి చెప్పింది. ఆయన మా ఆడపడుచుకి ఫోన్ చేశారు. ఇక ఆవిడ ఎవరెవరికి చెప్పిందో అడక్కండి, ఎవరికి చెప్పలేదో అడగండి. లిఫ్ట్‌లో పై అంతస్తు ఆవిడ నన్ను చూసి ముక్కు చీదుకుంది. నాకు మాత్రం "ఏమీ లేదట" అని ఒక్క ముక్క!

సరే, నా స్కానింగ్ నేనే మొదలుపెట్టాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మా ఆయన గిన్నెలు తోమారు. అంటే పొట్టంతా పాకిందన్నమాట. ఎప్పుడో పట్టుకెళ్ళిన కుక్కర్ని ఆడపడుచు తెచ్చిచ్చింది. లివర్ అయిపోయింది! మా అత్తగారు నా కూరకి వంక పెట్టకుండా తిన్నారు. ఇంకేముంది, తలకెక్కేసింది!

ఇంత సూక్ష్మంగా చెప్పే మిషన్ ఎక్కడైనా ఉందా? పైగా కరెంటు ఖర్చు లేదు! విషయం తెలుసుకునే శ్రమ అంతా వాళ్ళే పడ్డారు. నాకు ఊహించుకోవడం ఒక్కటే వదిలారు. ఆ ఊహల్లో నేను చాలాసార్లు పోయాను. అందరూ బాగానే ఏడ్చారు, మా అత్తగారితో సహా.

నెల తిరిగాక మళ్ళీ స్కానింగ్. కూరగాయలకని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను.

"వెంట ఎవరొచ్చారమ్మా?" అంది డాక్టరమ్మ, తలుపు వైపు చూస్తూ.

"పేషెంటు నా పొట్టండి. దాని వెంట వచ్చిన మనిషిని నేను. చెప్పండి."

 ఆవిడ స్క్రీన్ నా వైపు తిప్పింది. లివర్ అంచున బఠాణీ గింజంత మచ్చ. "పాకిందమ్మా. చిన్నదే. పోయినసారీ ఇంతే ఉంది, పెరగలేదు. మందులకి లొంగొచ్చు" అంది.

భోరున ఏడ్చాను. భయంతో సగం, బఠాణీ అంతేనా అన్న సంతోషంతో సగం.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నారు. చేతిలో కూరగాయలు లేకపోవడం చూసి పసిగట్టారు. "స్కానింగుకెళ్ళావా? ఏమన్నారు?"

"మీరేం కంగారుపడకండి. అంతా నేను చూసుకుంటాను కదా" అన్నాను.

మనిషి కుర్చీలో కూలబడ్డారు. "ఏదో ఒకటి చెప్పవే! తెలియకపోతే చచ్చిపోయేలా ఉన్నాను!"

పాపం, ఒక్క నిమిషానికే! నన్నిలా తెలియకుండా ఉంచింది నెల రోజులు.