మనిషి లేని కొలత

మానవజాతి కరెంటును కనిపెట్టిన నాటి నుంచీ, అది ఎంతుందో కొలవడానికి ఎవడో ఒకణ్ణి దాని దగ్గరికి తోలుతూనే ఉంది. ఆ చీకటి యుగానికి 2013 వానాకాలంలో, నాగిరెడ్డిపేట దాటినంక వచ్చే దొంతులకుంట ఎత్తిపోతల పంపుహౌసులో, అధికారులు శాశ్వతంగా తెర దించారు. (తెర దించేటప్పుడు దాని వెనకాల ఎవరైనా ఉన్నారేమో చూసే పని వేరే విభాగానిది.)

అప్పటిదాకా దగ్గరికి పోయేవాడి పేరు జైసింగ్. పక్క తండా వాడు, ఔట్‌సోర్సింగు వైర్‌మన్. మోటారు నడుస్తుండగా ప్యానెల్ బోర్డు తలుపు తెరిచి, పటకారు లాంటి టాంగ్ టెస్టర్‌తో కేబులును కరిపించి, ఎన్ని ఆంపియర్లు పారుతున్నాయో రాసుకోవడం అతని కొలువు. నిరుడు వానల్లో అట్లా కరిపిస్తుంటే లోపల భగ్గుమంది. కనుబొమ్మలు, మీసం, ఎడమచేతి తోలు పోయాయి. కనుబొమ్మలు మళ్లీ వచ్చాయి. మీసం కుడిపక్కకే వచ్చింది. చెయ్యి మాత్రం చలి పెడితే ఇప్పటికీ గుంజుతుంది. నివేదికలో ‘గాయాలు స్వల్పం’ అని రాశారు. (మీసానికి విడిగా గడి లేదు.)

ఎల్లారెడ్డి దవాఖానలో అతని పెండ్లాం జమున ఏడ్చి ఏడ్చి, చివరికి కళ్లు తుడుచుకుని, అతని మంచి చేతిని తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

“కరెంటు నడుస్తుంటే మల్ల ఆ డబ్బా కాడికి పోనని ఒట్టెయ్యి.”

“పోకుంటే నౌకరి ఎట్ల నడుస్తదే?”

“నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. నువ్వు పోతే నేను ఏడికెళ్లి తెచ్చుకోవాలె? ఎయ్యి ఒట్టు!”

వేశాడు. ఒట్టు తప్పితే దేవుడేం చేస్తాడో జైసింగ్‌కు తెలియదు గానీ, జమున ఏం చేస్తుందో బాగా ఎరుక. అందుకని ఆనాటి నుంచి మోటారు బందు చేసి, అప్పుడు తలుపు తీసి రీడింగు తీయడం మొదలుపెట్టాడు. రీడింగు సున్నా వచ్చేది. దినాం సున్నాయే. పైవాళ్లు ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. పైగా విద్యుత్తు వాడకంలో దొంతులకుంట పొదుపు ఆదర్శప్రాయమని ఎల్లారెడ్డి కొలతల సంరక్షణ ఉపవిభాగం నుంచి ఒక మెచ్చుకోలు వచ్చింది.

ఆ ఉపవిభాగానికి ఏఈ సిద్దార్థ సారు. కామారెడ్డి మనిషి, మర్యాదస్తుడు. ఎవరి మెడకు ఏది తగిలించినా ముందు ‘దయచేసి’ అనేవాడు. ఒకనాడు ఆయన అట్టపెట్టె పట్టుకుని జీపు దిగాడు.

“చూడు జైసింగ్, ఇది వైర్‌లెస్ మీటరు. రెండు ముక్కలు. మోటారు బందున్నప్పుడు ఈ ముక్కను కేబులుకు తగిలించి తలుపు మూసేస్తవు. మోటారు చాలైనంక దూరం పోయి నిలబడి, ఈ రెండో ముక్కల అంకె చూస్తవు. మధ్యల వైరుండదు.”

“అంటే నేను డబ్బా కాడ ఉండొద్దా సార్?”

“అస్సలుండొద్దు. ఇది చేసిందే అందుకు.”

జైసింగ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గుడ్డిదో చెవిటిదో, సర్కారుకు తన చెయ్యి ఒకటుందని యాదికొచ్చిందని మురిసిపోయాడు. జమున కొబ్బరికాయ పట్టుకుని ఉరికొచ్చి, మీటరు తెర మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి దండం పెట్టింది. అంకె కనబడలేదు గానీ ఆ పూట అంకె ఎవరికీ అక్కర లేకుండె. ఆ సాయంత్రం మాత్రం మీటరు చెప్పినట్టే పని చేసింది. జైసింగ్ కాలువ గట్టు మీద కూర్చుని, బీడీ తాగుతూ రీడింగు తీశాడు. అది ఆ మీటరు జీవితంలో మొదటి రీడింగు, చివరిది కూడా.

తెల్లారి స్టోరు కీపరు కిష్టయ్యకు ఈ సంగతి తెలిసి ప్రాణం పోయినంత పనైంది. అంత ఖరీదు సామాను ఒకటి డబ్బాలో, ఒకటి గట్టు మీదా! పోతే ఎవని జీతంలో కోస్తారు? వెంటనే నిబంధనలు వెలువడ్డాయి. ఒకటవ నిబంధన: వైర్‌లెస్ మీటరు పోకుండా దాన్ని ప్యానెల్‌కు గట్టి వైరుతో కట్టవలెను. కట్టారు. రెండవది: అంకె చూపే ముక్క సున్నితమైనది కనుక దాన్ని ఎల్లారెడ్డి స్టోరులో ఇనుప బీరువాలో పెట్టి తాళం వేయవలెను. వేశారు. ఇట్లా ఒక ముక్క పంపుహౌసులో, ఇంకో ముక్క ఎల్లారెడ్డిలో స్థిరపడ్డాయి. మధ్యలో వైరు లేదన్న మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

మూడవ నిబంధన జైసింగ్‌కు తగిలింది. ప్రభుత్వ ఆస్తిని కాపలా లేకుండా వదలరాదు గనుక, మోటారు నడుస్తున్నంత సేపు ప్యానెల్‌లోని ముక్క పక్కన ఒక బాధ్యత గల వ్యక్తి నిలబడవలెను. ఆ ముక్క కంటికి కనబడవలెను గనుక ప్యానెల్ తలుపు తెరిచి ఉంచవలెను. ఎట్లాగూ నిలబడ్డాడు గనుక పాత టాంగ్ టెస్టర్‌తో రీడింగు తీసి, వెంటిలేటరు లోంచి బయటికి అరిచి చెప్పవలెను.

“సార్, ఎన్కట చెయ్యి ఒక్కటే లోపల పెడుతుంటి, అది గూడ ఎప్పుడంటే అప్పుడు బయటికి గుంజుకునెటట్టు,” అన్నాడు జైసింగ్. “గిప్పుడు మొత్తం మనిషినే పెట్టుమంటున్నరు. మా ఇంటిది ఒట్టు ఏపిచ్చింది సార్.”

“నాకు తెలుసు జైసింగ్. కానీ ఇదంతా నీ రక్షణ కోసమే కదా. కొన్నాళ్లు దయచేసి సర్దుకో.”

సర్దుకున్నాడు. ఇంటికి పోయి, “దూరం నిలబడే చూస్తున్ననే,” అని జమునతో అబద్ధమాడాడు. ఆమె ఆ మాట నమ్మి, ఆ మీటరు చేసినోళ్ల కడుపు సల్లగుండాలని దీవించింది.

ఇంతలో నిజామాబాదు నుంచి వార్త వచ్చింది. ‘మనిషి రహిత కొలత’ సాధించిన మొదటి ఉపవిభాగానికి భద్రతా పురస్కారం. ముగ్గురు సభ్యుల కమిటీ పొద్దున దొంతులకుంటలో తనిఖీ చేస్తుంది, మధ్యాహ్నం కామారెడ్డి ఫంక్షన్ హాల్లో శాలువా కప్పుతుంది. (భోజనాలు ముందే చెప్పేశారు కాబట్టి తనిఖీలో తప్పే అవకాశం లేదు.)

ఆ పొద్దున కిష్టయ్య బీరువా తెరిచి రెండో ముక్కను బయటికి తీశాడు. లోపల సెల్లులు పాడై, పచ్చగా చీము కారినట్టు కారాయి. అంకె రాలేదు. కొత్త సెల్లులకు అర్జీ పెట్టి, అది కామారెడ్డి పోయి మంజూరై వచ్చేసరికి ఆ ఏటి పురస్కారం కాస్తా దాటిపోతుంది. సిద్దార్థ సారు చెమట తుడుచుకుని జైసింగ్‌ను పక్కకు పిలిచాడు.

“దయచేసి ఈ ఒక్కరోజు లోపలికి పో. బయట తాళం వేస్తం. తాళం వేసిన గదిలో మనిషి ఉండడు కదా, అట్ల మనిషి రహితం అయిపోతది. నువ్వు ఎప్పట్లాగే అంకె చెప్పు.”

“తాళమేస్తే ఎట్ల సార్? లోపల ఏమన్నయితే?”

“ఏమీ కాదు. రికార్డుల ప్రకారం నువ్వు లోపలనే లేవు.”

జైసింగ్ పోయాడు. పోక ఏం చేస్తాడు? నౌకరి. కొలత మధ్యలో ఎవరూ మోటారు ఆపకుండా బ్రేకరు పిడికి కూడా ఒక చిన్న తాళం వేశారు. (గదిలో ఎవరూ లేకపోయినా, ఉన్నవాడు ఆపుతాడేమోనని.)

కమిటీ వచ్చింది. ఇనుప తలుపుకు తాళం, తాళానికి లక్క సీలు. గది బయటి గోడకు ఆ చచ్చిన ముక్కను మేకుకు తగిలించి దండ వేశారు. లోపల మోటార్లు హోరెత్తాయి. వెంటిలేటరు లోంచి వినబడింది: “రెండు వందల పదీ!”

కమిటీ అధ్యక్షుడు చెవి రిక్కించాడు. “ఇది మాట్లాడుతది కూడానా?”

“మాట్లాడుతుంది సార్. తెలుగులోనే,” అన్నాడు సిద్దార్థ సారు.

“అచ్చం ఇక్కడి యాసనే!”

“స్థానిక పరిస్థితులకు తగ్గట్టు అమర్చుకున్నం సార్.”

లోపల ఎవరో దగ్గారు.

“అదేంది?”

“సెల్లులు సార్. కొద్దిగా బలహీనం.”

అధ్యక్షుడు తలూపి, ‘దగ్గు మినహా పనితీరు తృప్తికరం’ అని రాశాడు. తాళం ఉన్నందున లోపల చూడవలసిన అవసరం లేదనీ, గదిలో మానవమాత్రుడెవడూ లేడనీ ముగ్గురూ సంతకాలు పెట్టారు. అందరూ జీపులెక్కి కామారెడ్డి పోయారు. తాళంచెవులు రెండూ సిద్దార్థ సారు జేబులో ఉన్నాయి. శాలువా ధ్యాసలో పడి ఆ మంచి మనిషి వాటిని మరిచిపోయాడు.

మధ్యాహ్నానికి వోల్టేజీ పడిపోయింది. వోల్టేజీ పడితే మోటారు ఎక్కువ కరెంటు గుంజుతుంది. కేబులు కాగి, రబ్బరు మాడిన వాసన మొదలైంది. జైసింగ్ బ్రేకరు తాళాన్ని టెస్టరుతో కొట్టాడు. టెస్టరు పగిలింది గానీ తాళం పగల్లేదు.

అప్పుడే జమున జొన్నరొట్టెల టిఫిను పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ గట్టు మీద ఉంటానని చెప్పే మొగుడు గట్టు మీద లేడు. వెంటిలేటరు లోంచి పొగా, గొంతూ కలిసి వస్తున్నాయి.

“ఓ సార్! ఎవలన్న ఉన్నరా? కేబులు కాలుతున్నది!”

“నువ్వా?” అంది జమున. “లోపల ఏం జేస్తున్నవ్?”

కాలే కేబులు కన్నా ఆ ప్రశ్నకే జైసింగ్ ఎక్కువ జడిశాడు.

“తప్పైందే జమునా. తాళమేసి పోయిండ్రు. సారుకు ఫోన్ జెయ్యి, జల్ది!”

చేసింది. అవతల మైకులో ఎవరో ఉపన్యాసం చెప్తున్నారు. సిద్దార్థ సారు గుసగుసగా పలికాడు. “అమ్మా, దయచేసి మెల్లగ. నేను వేదిక మీద ఉన్న.”

“సార్, మా ఆయన లోపలున్నడు! పొగొస్తున్నది, తాళంచెవి పంపుండ్రి!”

“లోపల ఎవరూ లేరని ఇప్పుడే సంతకాలైనయమ్మా.”

“నా మొగని గొంతు నాకెరుక లేదా సార్?”

పక్కన పెద్దలున్నారు. సారు ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“అది మీటరమ్మా,” అన్నాడు. చప్పట్లు వినబడ్డాయి. ఫోన్ కట్టయింది.

జమున ఇక ఎవరినీ అడగలేదు. కాలువ పనివాళ్లు వదిలిన గడ్డపార అందుకుంది. తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, తండాలో ఉన్న దేవతలందరినీ పిలుచుకుంటూ తాళాన్ని బాదింది. లక్క రాలింది, కొక్కెం వంగింది, తాళం ఊడింది. మసితో నల్లగా మారిన జైసింగ్‌ను అంగీ పట్టి బయటికి గుంజింది. ఇద్దరూ గట్టు మీద పడ్డారో లేదో, వెనక గది ఫెటేలుమని వెలిగి, మోటార్లన్నీ ఆగిపోయాయి.

ఆమె అతని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. ముఖం తడిమింది. తర్వాత టిఫిను డబ్బాతో వీపు మీద ఒక్కటిచ్చింది.

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి గింత అబద్ధమా? నువ్వు సస్తే నన్నేం జెయ్యమంటవ్ ర!”

“నాకూ బతకాలనే ఉండెనే,” అన్నాడు జైసింగ్, చిన్నపిల్లవాడిలా వెక్కుతూ. ఆమె అతని తల ఒడిలోకి లాక్కుంది. గదిలోంచి పొగ చాలాసేపు వస్తూనే ఉంది.

ఉపవిభాగం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. పురస్కారం అప్పటికే అందింది గనుక ప్రమాదం జరిగే వీలు లేకపోయింది. అయినా విచారణ పూర్తి చేసి, జైసింగ్ ఇంటికి జమున పేరు మీద మెమో పంపారు. అది ఇట్లా ఉంది: ‘పంపుహౌసు గదిలో మనిషెవరూ లేరని ముగ్గురు అధికారులు లిఖితపూర్వకంగా ధ్రువీకరించి ఉండగా, ఆ గదిలో నుంచి ఒక మనిషిని ఏ నిబంధన ప్రకారం బయటికి తీసితిరో వెంటనే సంజాయిషీ ఇవ్వగలరు, లేనిచో అతణ్ణి తిరిగి యథాస్థానంలో ఉంచగలరు.’