చూసే కళ్ల సిద్ధాంతం

ఆ అడవి ఎంత పెద్దదంటే, ఒక చివర జరిగిన దొంగతనం కబురు రెండో చివరికి చేరేసరికి దొంగ పేరు మారిపోయేది.

వానాకాలం కోసమని అందరూ కలిసి గుహలో దాచుకున్న ఇప్పపూలు తరిగిపోతున్నాయి. అధ్యక్షుడు కొండలరాయుడనే ఏనుగు సభ పెట్టాడు.

"ఎవరు తింటున్నారు?"

అందరూ ఎలుగుబంటి వైపు చూశారు. ఎలుగుబంటి ఆకాశం వైపు చూసింది.

అప్పుడు ఆచార్య లాంగూలం లేచాడు. కొండముచ్చు. పిక్నిక్‌కి వచ్చే మనుషుల్ని చెట్టెక్కి గమనించడమే ఆయన పరిశోధన.

"మనిషి ఫొటో తీస్తున్నంతసేపూ పక్కవాడి నోటికి లడ్డూ అందిస్తాడు. ఫొటో అవగానే తనే తినేస్తాడు. ఎందుకు?"

"ఆకలేసుంటుందండీ," అన్నాడు అడవిపంది బురదయ్య.

"కాదయ్యా! వాళ్లు గుహల్లో బతికిన రోజుల్లో మంచివాడనిపించుకున్నవాడికే వేటలో వాటా దక్కేది. అందుకే ఎవరైనా చూస్తుంటే మంచితనం దానంతటదే పుట్టుకొస్తుంది. నిజం కళ్లే అక్కర్లేదు, బొమ్మ కళ్లయినా చాలు!"

అందరి చూపూ నెమలి తోక మీద పడింది.

"నా తోకేం చేసింది?" అని నెమలి గోల పెట్టింది గానీ, పరిశోధన ముందు తోకెంత? ఈకలన్నీ గుహ ముందు వేలాడదీశారు.

దొంగతనం టక్కున ఆగింది. ఎలుగుబంటైతే తేనెపట్టు తెచ్చి పెట్టి, ఈకలకు ముఖం కనబడేలా కాసేపు నిలబడి మరీ వెళ్లింది. ఆచార్యులకు సన్మానం జరిగింది.

ఆ తర్వాతే చిక్కొచ్చింది. మంచితనమంతా గుహ దగ్గరికే చేరింది. జబ్బుపడ్డ ముసలి దుప్పికి రోజూ గడ్డి ఇచ్చేవాళ్లు, అదే గడ్డిని ఈకల ముందు పెట్టి పోతున్నారు.

"బాబ్బాబు, నన్నే మోసుకెళ్లి ఆ గుహ ముందు పడుకోబెట్టండి," అని దుప్పి బతిమాలుకుంది.

ఇంతలో లాంగూలమే కాలు జారి బురదగుంటలో పడ్డాడు. నడుందాకా దిగిపోయాడు. ఎలుగుబంటి అటుగా వచ్చి చుట్టూ చూసింది.

"ఇక్కడ ఈకలు లేవు కదా గురువుగారూ," అని నొచ్చుకుంటూనే వెళ్లిపోయింది.

తన సిద్ధాంతం తప్పయితే బాగుండునని ఆచార్యుడు మొట్టమొదటిసారి కోరుకున్నాడు. గొంతు పోయేలా అరిచాడు.

బురదయ్య పరుగున వచ్చి, గుంటలోకి దూకి, ఆయన్ని వీపు మీద ఒడ్డుకు చేర్చాడు.

లాంగూలం నోట్లో బురద ఉమ్మి, "ఆగు! ఎవరూ చూడట్లేదే, ఎందుకు కాపాడావు?" అన్నాడు.

"మీరు అరిచారు కదండీ."

"అది కారణం కాదు. మీ తాతముత్తాతలకు ఇందులో ఏదో లాభం ఉండే ఉంటుంది. ఆలోచించు!"

పొద్దు వాలేదాకా అడుగుతూనే ఉన్నాడు.

మంచితనమంతా అక్కడికే పోతోందని ఈకలు తీసేశారు. దుప్పికి మళ్లీ గడ్డి అందింది, ఇప్పపూలు మళ్లీ తరిగాయి. కానీ ఓరోజు ఆ గుంటలో కుందేలు పడితే, బురదయ్య ఒడ్డున ఆగి తల గోక్కున్నాడు.

"ఇంతకీ నేనెందుకు దిగుతున్నట్టు?"

దిగాడు, పైకీ తీశాడు. దిగేసరికే కుందేలు చెవులు మాత్రమే కనబడుతున్నాయి.

నీతి: సాయం చేసినవాణ్ని ఎందుకు చేశావని మరీ గుచ్చి అడక్కండి, వాడికీ అనుమానం వస్తుంది.