ఆమోదం పొందిన చేప

కృష్ణా జిల్లా సముద్రతీరం సింగపూర్‌కి ఏ విధంగానూ తీసిపోదని, సింగపూర్‌లో దొరికే భోజనం ఇక్కడ దొరక్కపోవడం ఒక్కటే లోపమని తీరప్రాంత ఉల్లాస శాఖ మంత్రి వెంకటసుబ్బారావు గారు విజయవాడ విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఆ లోపాన్ని తొంభై రోజుల్లో సవరిస్తామని కూడా అన్నారు. అన్నంత పనీ చేశారు. రెండేళ్లు తిరక్కుండానే ఉప్పుదిబ్బ బీచిలో 'ఓషన్ మెజెస్టీ' అనే సీఫుడ్ రెస్టారెంటు లేచి నిలబడింది. గోడలన్నీ అద్దాలే. లోపల కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది, వినిపించదు. ఆ చప్పుడు రాకుండా చెయ్యడానికే సగం బడ్జెట్ అయిందని ఇంజినీర్లు గర్వంగా చెప్పుకునేవారు.

దానికి మేనేజరుగా జానకిరామ్‌ని వేశారు. ఆయన చేనేత సహకార సంఘాల శాఖలో ఇరవై ఆరేళ్లు పనిచేసిన బీకాం పట్టభద్రుడు. రెస్టారెంటులో టేబుల్ గుడ్డలు, కర్టెన్లు, చేతి తువ్వాళ్లు చాలా ఉంటాయి కాబట్టి వస్త్ర విషయాల్లో అనుభవజ్ఞుడు కావాలని ఫైల్లో రాశారు. తనకు వంట రాదని జానకిరామ్ ఉల్లాస శాఖ డైరెక్టరు గారికి వినయంగా మనవి చేసుకున్నాడు.

"వంట వచ్చినవాడైతే వంటలో వేలు పెడతాడయ్యా. నువ్వే కరెక్టు" అన్నారు డైరెక్టరు గారు.

ప్రారంభోత్సవానికి కార్తీక పౌర్ణమి నిర్ణయించారు. అందులో దూరదృష్టి ఉంది. సముద్రస్నానానికి ఆ రోజు జిల్లా అంతా బీచికే వస్తుంది. లారీలు పంపి జనాన్ని తోలుకు రానక్కర్లేదు. ఆహ్వానపత్రాలు పంచడం కూడా అయ్యాక, ముందురోజు సాయంత్రం జానకిరామ్‌కి ఒక సంగతి తట్టింది. కార్తీకమాసంలో ఆ జనంలో ఎవరూ చేప ముట్టరు. పైగా మంత్రిగారు పది రోజుల క్రితమే అయ్యప్పమాల వేసుకున్నారు. ఆయన చేపని తినడం సరే, దాని వాసన ఉన్న చోట నిలబడగలరా అన్నది అసలు అనుమానం.

ఆ మాట వినగానే డైరెక్టరు గారు తేదీ మార్చడం కుదరదన్నారు. తినకుండా ప్రారంభించవచ్చు కదా అన్నారు. రిబ్బన్ కత్తిరించే ఫొటోలు మొదటి పేజీలో వెయ్యరని, తినే ఫొటో కావాలని ఫొటోగ్రాఫర్లు పట్టుబట్టారు. దాంతో భారం హైదరాబాదు నుంచి వచ్చిన చెఫ్ కిరణ్‌కుమార్ మీద పడింది. అతను నిజంగా పనివాడు. పెద్ద అరటికాయలు తెప్పించి, ముక్కలు పుల్లలతో కలిపి, కత్తితో చెక్కి చందువ చేపని తయారు చేశాడు. కంటి స్థానంలో మిరియపు గింజ, తోక స్థానంలో వేయించిన కరివేపాకు రెబ్బ. ఇంకా నీచు తగలని కొత్త పొయ్యి మీద మంత్రిగారి సొంత వంటస్వామి దాన్ని వేయించాడు.

మంత్రిగారు కెమెరాల ఎదుట ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. "ఇలాంటి చేప నా జన్మలో తినలేదు" అన్నారు. రాజకీయాల్లో ఉండి కూడా అంత నిజం మాట్లాడగలిగిన మనిషిని జానకిరామ్ చూడటం అదే మొదటిసారి.

మర్నాడు పేపర్లో ఒకే ఫొటో రెండు చోట్ల వచ్చింది. జిల్లా పేజీలో మంత్రిగారు చందువ రుచి చూస్తున్నారు. ఆధ్యాత్మికం పేజీలో అదే మంత్రిగారు దీక్షాభంగం కాకుండా అరటికాయ స్వీకరిస్తున్నారు. రెండు ప్రెస్‌నోట్లూ శాఖవారివే. రెండు పేజీలూ చదివేవాళ్లు మన జిల్లాలో తక్కువ కాబట్టి ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది ఫైల్లో వచ్చింది. కార్తీకం వెళ్లాక కిరణ్‌కుమార్ అసలు చందువ వండబోయాడు. మంత్రివర్యులు స్వయంగా రుచి చూసి మెచ్చిన వంటకం తయారీ విధానం అప్పటికే రికార్డయిందని, అందులో మార్పు చెయ్యాలంటే మంత్రివర్యుల ఆమోదం అవసరమని పైనుంచి కాగితం వచ్చింది. అనుమతి కోసం ఫైలు హైదరాబాదు వెళ్లింది. మూడు నెలలు చూసి కిరణ్‌కుమార్ కూడా హైదరాబాదు వెళ్లిపోయాడు. రెండూ తిరిగి రాలేదు. అప్పటికి అరటికాయ చెక్కడం నేర్చుకున్న అసిస్టెంట్లు 'గ్రిల్డ్ పాంఫ్రెట్ మెజెస్టీ'ని రెండువందల తొంభై అయిదు రూపాయలకు వడ్డిస్తూ వచ్చారు.

విజయవాడలో బట్టల వ్యాపారం చేసే రామలింగం గారు పెళ్లిరోజని భార్య వెంకటరావమ్మ గారిని తీసుకొచ్చారు. చేనేత శాఖ రోజుల నుంచీ జానకిరామ్‌కి ఆయన పరిచయం. బండి చక్రమంత ప్లేటు వచ్చింది. దాని మధ్యన అరచేతిలో సగమంత చందువ. వెంకటరావమ్మ గారు ఫోర్కుతో పొడిచి, వాసన చూసి, మళ్లీ పొడిచి చూశారు.

"జానకిరామ్ గారూ, ఇందులో ముల్లు లేదేమిటండీ?"

"ఇంటర్నేషనల్ పద్ధతమ్మా."

"మరి చేప కూడా లేదే?"

రామలింగం గారు టేబుల్ గుడ్డ అంచుని రెండు వేళ్లతో నలిపి చూసి, మంగళగిరి నేత, నికార్సయిన సరుకు అని మెచ్చుకున్నారు. ఆ రోజు మొత్తం మీద ఆయన మెచ్చుకున్నది అదొక్కటే. డబ్బు కట్టేసి, మెల్లగా, "ఇంతకీ మీరెక్కడ తింటారండీ?" అని అడిగారు. జానకిరామ్ అబద్ధం చెప్పలేకపోయాడు. వెనక గుమ్మం తీసి చూపించాడు.

ఎనభై గజాల వెనక, సరుగుడు చెట్ల పక్కన పెద్దింట్లమ్మ తాటాకు పాక ఉంది. రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక మట్టిదాక. ఆమె మొగుడు ఎల్లారావు తెల్లారి వలలో తెచ్చిన చేప మధ్యాహ్నానికి చింతపండు పులుసులో ఉంటుంది. అన్నం, పులుసు పాతిక రూపాయలు. జానకిరామ్ వచ్చిన మొదటి వారంలోనే, ఆయనకు ముల్లు తీసుకోవడం చేతకాదని పెద్దింట్లమ్మ కనిపెట్టింది. అప్పటి నుంచీ ముళ్లు తక్కువుండే నడుమ ముక్క ఆయన కోసం పక్కన పెట్టేది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. భార్య పోయిన అయిదేళ్లలో ఆయన కంచంలోకి ఏ ముక్క వెళ్లాలో ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు.

ఏడాది తిరిగేసరికి ఓషన్ మెజెస్టీ నష్టాల మీద త్రిసభ్య కమిటీ వేశారు. కమిటీ లోతుగా పరిశీలించింది. ప్లేట్లు ప్రపంచస్థాయిలో ఉన్నాయి, చల్లదనం ప్రపంచస్థాయిలో ఉంది, ధర అంతకు మించి ఉంది. అయినా కస్టమర్లు రాకపోవడానికి కారణం వెనకనున్న పాక అని తేల్చింది. అక్కడి పులుసు వాసన గాలివాటున ఏసీ గొట్టాల్లోకి చొరబడి కస్టమర్లను అయోమయానికి గురిచేస్తున్నదని, అది ఆక్రమణ కాబట్టి తక్షణం తొలగించాలని సిఫారసు చేసింది. నోటీసు మీద మేనేజరు సంతకం చెయ్యాలి. జానకిరామ్ మూడు రోజులు పెన్నులో సిరా లేదన్నాడు. నాలుగో రోజు డైరెక్టరు గారు పెన్ను పంపించారు.

ఆ కాగితం పట్టుకుని తనే పాకకి వెళ్లాడు. పెద్దింట్లమ్మకి చదువు రాదు. ఆయన్నే చదవమంది. చదివాడు.

"ఎనభై గజాలే అడ్డమైతే ఇంకో పాతిక గజాలు ఎనక్కి జరుగుతానండి" అంది.

"వాసన జరగదంటున్నారు పెద్దింట్లమ్మా."

ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "ఇరవయ్యేళ్లనించీ ఇదే పొయ్యండి. ఇది లేపోతే మేం ఏం తినాలో ఆ కాయితంలో రాశారా?"

రాయలేదని ఆయన ఒప్పుకున్నాడు.

"సర్లెండి, కూకోండి. అన్నం చల్లారిపోద్ది" అని కంచం పెట్టింది. అందులో నడుమ ముక్కే ఉంది. దాన్ని మింగడం ఆయనకు ముల్లు మింగినంత పనయింది.

తొలగింపు కార్యక్రమాన్ని మంత్రిగారు స్వయంగా పర్యవేక్షిస్తానన్నారు. మాఘమాసపు ఆదివారం. ఒంటిగంటకు ఓషన్ మెజెస్టీలో భోజనం, నాలుగింటికి తొలగింపు, అయిదున్నరకి పామర్రులో బహిరంగ సభ. విజయవాడ ఆటోనగర్ నుంచి ట్రెయిలర్ మీద పొక్లెయిన్ వచ్చింది. దాని ఆపరేటరు ఇశ్రాయేలు దాన్ని పాక ముందు దింపి, నీడలో కూర్చున్నాడు.

మంత్రిగారి మెడలో ఇప్పుడు మాల లేదు. మంచి ఆకలి మీదున్నారు. బీచి దాకా వచ్చాం కాబట్టి చందువే తెమ్మన్నారు. వచ్చింది. ఒక ముక్క నమిలి ఆగిపోయారు.

"ఏంటయ్యా ఇది?"

"చందువ సార్" అన్నాడు జానకిరామ్.

"ఇది అరటికాయ."

"తమరు ఆమోదించిన చందువ సార్. మార్చడానికి ఫైలు తమ దగ్గరే ఉంది."

మంత్రిగారు ఫొటోగ్రాఫర్ల వైపు చూశారు. వాళ్లు కెమెరాలు ఎత్తి సిద్ధంగా ఉన్నారు. ఆయన చిరునవ్వుతో రెండో ముక్క కూడా నోట్లో పెట్టుకున్నారు. ప్రజాజీవితంలో ఓర్పు ఎంత అవసరమో డైరెక్టరు గారు పక్కనున్న విలేకరికి వివరించారు.

మూడో ముక్క దగ్గర మంత్రిగారు లేచారు. ఆక్రమణను కళ్లారా చూడకుండా తొలగించడం ప్రజాస్వామ్యం కాదని, తాను ఒంటరిగా వెళ్లి తనిఖీ చేస్తానని అన్నారు. వెనక గుమ్మంలోంచి వెళ్లారు. ఇరవై నిమిషాలైనా రాలేదు. భద్రత దృష్ట్యా డైరెక్టరు గారు వెళ్లారు. ఆయనా రాలేదు. వార్త తప్పిపోతుందని విలేకరులు వెళ్లారు. చివరికి జానకిరామ్ వెళ్లి చూశాడు. రెండు బల్లల మీదా చోటు లేదు. ఎవరూ ఎవరివంకా చూడటం లేదు. తనిఖీ నిశ్శబ్దంగా సాగుతోంది. పెద్దింట్లమ్మ రెండో ఎసరు పెట్టింది.

కూల్చడానికొచ్చిన వాళ్లకి ఎందుకు వడ్డిస్తున్నావని జానకిరామ్ ఆమెను పక్కకి పిలిచి అడిగాడు.

"వడ్డించకపోతే మానేస్తారేంటండి?" అంది.

తనిఖీ ముగిసేసరికి నాలుగైంది. మంత్రిగారు చెయ్యి కడుక్కుని, పొక్లెయిన్ చెయ్యి పైకి లేపించి, దాని కింద నిలబడి ఫొటో దిగారు. సభకు ఆలస్యమవుతోందని డైరెక్టరు గారితో కలిసి కారెక్కారు. 'ఉప్పుదిబ్బలో ఆక్రమణ తొలగింపు విజయవంతం' అన్న ప్రెస్‌నోటు పొద్దునే టైపు చేసి ఉంది కాబట్టి విలేకరులు తలో కాపీ మడిచి జేబులో పెట్టుకుని వ్యానెక్కారు. పాక ముందు ముగ్గురు మిగిలారు.

ఇశ్రాయేలు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పని ఎలాగూ చెయ్యాలి, ముందు తినమన్నాడు జానకిరామ్. అతను రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. వెళ్లి సీట్లో కూర్చున్నాడు. ఇంజిను వేశాడు. యంత్రం చెయ్యి పాక కప్పు దాకా వెళ్లింది. పెద్దింట్లమ్మ దాకని చంకనెత్తుకుని బయటకొచ్చి నిలబడింది. ఇంజిను ఆగిపోయింది.

"పైపు పోయింది సార్. ఆటోనగర్ నుంచి తేవాలి" అన్నాడు ఇశ్రాయేలు దిగొచ్చి.

జానకిరామ్ ఆ పైపుని చూశాడు. కొత్తది, నిగనిగలాడుతోంది.

"ఎన్ని రోజులు పడుతుంది?"

"మీరెన్నంటే అన్ని సార్."

ఇరవై ఏడేళ్ల సర్వీసులో జానకిరామ్ ఒక్క తప్పుడు కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఇప్పుడు పెడితే బయటపడిన రోజున ఉద్యోగమూ పోతుంది, పెన్షనూ పోతుంది. బల్ల మీద మెతుకులు తుడిచి, పని పూర్తయినట్టు పంపాల్సిన నివేదిక పరిచి, 'ప్రెస్‌నోటులో తెలిపిన ప్రకారం పాక తొలగించడమైనది' అని రాసి సంతకం చేశాడు. పొక్లెయిన్ మర్నాడే ట్రెయిలరెక్కి విజయవాడ వెళ్లిపోయింది.

నెల తర్వాత డైరెక్టరు గారు ఫోన్ చేశారు. ఖాళీ అయిన స్థలాన్ని మంత్రిగారు పరిశీలించడానికి వస్తున్నారు. జానకిరామ్ జరిగింది ఉన్నదున్నట్టు ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. తప్పంతా తనదేనని, పెద్దింట్లమ్మకి ఇందులో ఏమీ తెలియదని రాశాడు. జేబులో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

మూడు కార్లు ఓషన్ మెజెస్టీ ముందు ఆగలేదు. చుట్టూ తిరిగి పాక దగ్గర ఆగాయి. మంత్రిగారు తల వంచుకుని తాటాకు చూరు కింద నుంచి లోపలికి వచ్చి, కిందటిసారి కూర్చున్న చోటే కూర్చున్నారు. పక్కన డైరెక్టరు గారు. ఎదురు బల్ల మీద విలేకరులు. పెద్దింట్లమ్మ కంచాలు పెట్టింది. జానకిరామ్ జేబులో ఉత్తరం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

మంత్రిగారు అన్నం కలుపుతూ తల ఎత్తారు.

"ఆ పాక ఎక్కడుండేదయ్యా?"

"ఇక్కడేనండి" అన్నాడు జానకిరామ్.

మంత్రిగారు పైన తాటాకు కప్పుని చూశారు. దాన్ని మోస్తున్న నిట్రాటని చూశారు. తడిక సందులోంచి బయటికి చూశారు.

"శుభ్రంగా క్లియర్ చేశారు. ఏమీ మిగల్లేదు. ఇప్పుడు ఇక్కణ్ణుంచి సముద్రం ఎంత బాగా కనపడుతోందో చూడండి" అన్నారు విలేకరులతో.

వాళ్ల చేతులు పులుసులో ఉన్నాయి కాబట్టి ఎవరూ రాసుకోలేదు. అందరూ తలలూపారు. పెద్దింట్లమ్మ దాకలో గరిటె తిప్పి, ఇంకో ముక్క వెయ్యమంటారా అని అడిగింది. మంత్రిగారు కంచం ముందుకు జరిపారు.