మట్టయ్య ఆరుద్ర పురుగును నడిపించిన విధము

ఏ సంవత్సరపు పేరు పంచాంగములో వినినంతనే కాపువాడు విత్తనాల కుండకు మరల మూత బిగించునో, ఆ విరోధి నామ సంవత్సరమున, జ్యేష్ఠ బహుళ పక్షమున, మృగశిర కార్తె మొగము చాటేసి పోయి ఆరుద్ర కార్తె అడుగుపెట్టిన రెండవనాటి ఉషఃకాలమున, సూర్యాపేటకు ఆగ్నేయముగా, కోదాడకు వాయవ్యముగా, మోతె గ్రామ సీమాంతర్గత రక్తమృత్తికామయ క్షేత్రమున, అనగా ఎర్ర చెలకలో, ఒక మహాయుద్ధము జరిగెను. వినుడు. వినుటకు తీరిక లేనివారు మరీ వినుడు, ఇది మీ కథయే.

రాజుల యుద్ధములను వ్రాయుటకు పండితులు మస్తుగా కలరు. రాజునకేమి? దున్నువాడొకడు, వండువాడొకడు, విసరువాడొకడు ఉండగా, పొద్దు పోక కత్తి పట్టుకొని పక్క ఊరి మీదికి పోయెను. అది శౌర్యమట! తెల్లవారుజామున లేచి చీకటి పడుదాక వంచిన నడుము ఎత్తక, ఆ నడుమ ఒక్క గడియను తన పిల్లల కొరకు కోసి పక్కన పెట్టుటకు పెనుగులాడిన వానిని మాత్రము ఏ పండితుడును పాడలేదు. పాడకున్న మానె. వారి వ్రాత వారిది, మన మాట మనది.

ఈ కథకు నాయకుడు మట్టయ్య. ద్వివృషభ సేనాధిపతి, ఎకరత్రయ సార్వభౌముడు, పగ్గపాణి, స్వేదకిరీటధారి. అతని ఇల్లాలు భద్రమ్మ. కూతురు ఆరేండ్ల సత్తమ్మ, ముద్దుకు సత్తి. కొడుకు నాలుగేండ్ల సైదులు. ఇక అతని శత్రువన్ననో, తీరికలేమి యను రక్కసి. దానికి నరుకుటకు తల లేదు, పొడుచుటకు రొమ్ము లేదు. పొద్దుపొడుపుతోనే వచ్చి వీపు మీద కూర్చుండును. పండుకొన్న తరువాత గూడ దిగదు.

మూడేండ్ల కింద మట్టయ్య తన కూతునకు ఒక మాట ఇచ్చి యుండెను. తొలకరి వాన వెలిసిన మరునాటి ఉదయము ఎర్రనేలను చీల్చుకొని వెలువడు, మఖ్మల్ గుడ్డ తునకవంటి ఆరుద్ర పురుగును ఆమె అరచేతిలో నడిపించి చూపెదనని. పెద్ద కోరికయా? మేడ అడిగెనా, మేనా అడిగెనా? కాని ఆ పురుగు వెలువడు గడియయు, గొర్రు కట్టి విత్తనము వేయవలసిన పదును గడియయు ఒక్కటే. ఉదయము దానికి అదును, ఉదయమే గింజకు అదును. ఎండ ముదిరెనా, పురుగు మట్టిలో దూరును, తడి గాలిలో కలియును. ఇట్లు ఏర్పరచిన సృష్టికర్తకు పిల్లలు లేరో, చెలక లేదో తెలియదు. రెండును ఉన్నవాడు ఇట్లు చేయడు.

మొదటి ఏడు వాన పడిన దినమున మట్టయ్య ఎద్దును కొనుటకు మిర్యాలగూడ పోయి యుండెను. రెండవ ఏడు పదును తరుముకొచ్చి, గొర్రు మేడి విడువనే లేదు. పురుగులు కాళ్ల కిందనే తిరిగినవి, తల వంచి చూచుటకు తీరిక దొరకలేదు. పోయిన ఏడు రజాకార్ల భయమునకు కుటుంబమంతయు నడిగూడెములో చుట్టాల వసారాలో తలదాచుకొనగా, పిల్లలను గడప దాటనిచ్చువారే లేకపోయిరి. మూడు మార్లు దండెత్తెను, మూడు మార్లు ఓడెను. సత్తి మాత్రము వాన పడినప్పుడెల్ల తండ్రి మొగము చూచుట మానలేదు. ఆ చూపు ముందు తుపాకి ఎంత!

నాల్గవ ఏడు ఇది. రాత్రి వాన దంచెను. తెల్లవారకముందే మట్టయ్య ఇద్దరు పిల్లలను లేపి, ఎడ్లను తోలుకొని చెలకకు చేరెను. ఇచట ఒక ధర్మశాసనము చెప్పవలసి యున్నది. మట్టయ్య ఇంటితో కలిపి నాలుగిండ్లకు ఒక్కటే గొర్రు. వంతు వచ్చినవాడు గొర్రు తన గట్టెక్కు వేళకు ఎడ్లను కాడికి కట్టి సిద్ధముగా నిలువవలెను. కట్టలేదా, వంతు పక్కవానికి పోవును. ఈ శాసనమును ఏ రాజును వేయలేదు, కనుకనే అందరును పాటింతురు. ఆనాటి మొదటి వంతు మట్టయ్యది. రెండవది ఐలన్నది. ఐలన్నయన్న యాభై ఏండ్లు దాటిన కృషీవల కేసరి, పరుల పదునును తన పదునుగా భావించు ఉదారుడు.

ఎడ్లింకను కాడికి కట్టలేదు. అప్పుడు కనబడెను! తడిసిన ఎర్రమన్నులో, గరికపోచ పక్కన, సూర్యబింబ శకలము జారిపడినట్లు, అరుణ మృదుల రోమాంచిత శరీరముతో, అష్టపాద విరాజితయై, ఆరుద్ర పురుగు!

"నాయినా, గదే!" అని సత్తి పిడుగు పడినట్లు కేక వేసి, దానిని చటుక్కున పట్టి అరచేతిలో వేసికొనెను. పురుగు వెంటనే ఎనిమిది కాళ్లను లోపలికి ముడుచుకొని, తలుపులన్నియు బిగించిన కోటవలె, కదలని ఎర్రగింజయై పోయెను.

సత్తి మొగము వాడెను. "నాయినా, సచ్చిపోయిందా?"

"సావలే బిడ్డా. బుగులుపడ్డది. సప్పుడు జెయ్యకుంటె కాళ్లు ఇప్పుకుంటది."

"ఎప్పుడు?"

"జరసేపట్ల."

"జరసేపంటె ఎంతసేపు?"

ఈ ప్రశ్నకు పట్నములో చదివి వచ్చిన దొరలును జవాబు చెప్పలేరు. మట్టయ్య కూతురి ఎదుట గొంతుకూర్చుండెను. సైదులు తండ్రి మోకాలిని పట్టుకొని నిలుచుండెను. సమరము మొదలాయెను.

గాలి ఆగెను. ఎద్దు తోక ఊపుట మానెను. పురుగు ఒక కాలిని, మరియొక కాలిని, కోడలు అత్తవారింట తొలినాడు తలుపు సందున తొంగిచూచినట్లు, వెలుపలికి పెట్టెను. సరిగా ఆ క్షణమున, ఒడిలో విత్తనాలు కట్టుకొని గట్టు దాటిన భద్రమ్మ కంఠము ఆకాశమును చీల్చెను.

"ఏందయ్యో! ఎడ్లు గాడ్నే, నువ్వు గీడ్నే! గొర్రు వస్తాంది, కాడి ఎప్పుడు కడ్తవ్?"

రెండు కాళ్లును లోపలికి పోయెను.

"అమ్మా, ఒర్రకే!" అని సత్తి ఏడుపు గొంతుతో అనెను. "కాళ్లు మల్ల లోపటికి పోయినయ్!"

భద్రమ్మ ఒకమారు పురుగును, ఒకమారు మగని చూచెను. "పురుగు కాళ్ల కోసం మన కాళ్లు ఇరగ్గొడ్తవా ఏంది? ఈ గింజలు నా ఒళ్లనే మొలుస్తయ్ గావొచ్చు!"

"జర కూసోవే," అనెను మట్టయ్య, చూపు తిప్పక.

"కూసుంట. నాకేం పోయింది? యాసంగి దాక కూసుంట," అని ఆ వీరపత్ని గట్టు మీద చతికిలబడెను. కోపమొచ్చెనే గాని, కూతురి చేతిలోనికి తొంగిచూచుట మాత్రము మానలేదు.

అంతలో భూమి దద్దరిల్లెను. రాత్రి తన ఇంట నుండిన గొర్రును భుజమున వేసికొని, ఆరడుగుల అంగలతో, మదపుటేనుగు కయ్యలో దిగినట్లు ఐలన్న వచ్చి పడెను. విప్పి యున్న ఎడ్లను చూడగానే అతని కన్నులు దీపావళి చేసికొనెను.

"ఓరి మట్టిగా! ఎడ్లు ఇప్పే ఉన్నయ్! ఇగ నీ వంతు ఖతం!"

ఆ గర్జనకు పురుగు, ఉన్నదానికంటె సగమాయెను.

అప్పుడు మట్టయ్య లేచి నిలుచుండెను. రొమ్ము విరిచెను. కుడిచెయ్యి పైకెత్తెను. దిక్కులు పిక్కటిల్లునట్లు పలుకవలసిన ఆ ఘట్టమున, పురుగు బెదరునను భయముచేత, ఆ వీరోపన్యాసమును ఆద్యంతము గుసగుసగా పలికెను.

"ఐలన్నా! మెల్లగ. మూడేండ్ల సంది మాట తప్పుతున్న. ఒక యేడు ఎద్దన్న, ఒక యేడు పదునన్న, పోయినేడు పాణం దాసుకున్న. గింజ గియ్యాల తప్పితె ఇంకో వానకు ఏస్త. గీ పోరి మల్ల ఆరేండ్లది అయితదా? గొర్రు తీస్కపో. వంతు తీస్కపో. పదునంత నువ్వే తీస్కపో. గని నీ కాళ్ల సప్పుడు గూడ ఎంట తీస్కపోవే, నీకు దండం బెడ్త!"

ఐలన్న గొర్రును ఈ భుజము నుండి ఆ భుజమునకు మార్చుకొనెను. ఇరువది ఏండ్లుగా ఆ గొర్రు కొరకు ఇద్దరును తిట్టుకొన్నారు, కొట్టుకొన్నంత పని చేసినారు. పదునును పుక్కటికి ఇచ్చు కాపువాడు ఈ భూమి మీద ఇంకను పుట్టలేదని ఐలన్న ఎరుగును. కావున ఇందులో ఏదో మతలబు ఉన్నది. ఏమై యుండును? మట్టయ్య పురుగును ఎందుకు అంత తేరిపార చూచుచున్నాడు? తెలిసెను! పురుగు కాళ్లు చూచి వాన జాడ చెప్పు విద్య ఏదో వీనికి అబ్బినది. మరల కుండపోత వాన రానున్నది. ఇప్పుడు వేసిన గింజ వాగులో కలియును. అందుకే తాను కూర్చుండి, నా చేత వేయింప చూచుచున్నాడు!

"అబ్బో," అనుకొని ఐలన్న గొర్రును మెల్లగా, పసిపిల్లను పండబెట్టినట్లు, నేలకు దించెను. "నేను గూడ సూస్త," అని పక్కన కూర్చుండెను.

ఇక అవతలి చెలకలవారి సంగతి. మట్టయ్య విత్తుట లేదు, సరే, వానికి పిచ్చి. ఐలన్నయు విత్తుట లేదు! గొర్రు చేతికి వచ్చినను విత్తుట లేదు! ఈ దృశ్యమును చూచినవాడు చూచినట్లే ఎడ్లను ఆపెను. ఒకడు ఆపుట చూచి మరియొకడు ఆపెను. గడియ తిరుగకముందే, యుద్ధభూమిలో ధనుస్సులు దించినట్లు, మోతె చెలకలన్నింట కాడులు దిగెను. ఎడ్లను ఆపినవాడు ఏమి చేయును? వచ్చి చూచును, ఐలన్న చెవిలో ఊదిన వాన విద్యను వినును. వెంట భార్య వచ్చును. చెయ్యి పట్టుకొని పిల్లలు వత్తురు. ఎన్నడును పగటిపూట తండ్రి పక్కన కూర్చుండి యెరుగని పిల్లలు, ఆనాడు తండ్రుల ఒడులలో కూర్చుండి, సత్తి అరచేతి చుట్టు వలయాకారముగా విడిది చేసిరి.

అప్పుడే కోదాడ నుండి వచ్చిన భద్రమ్మ తమ్ముడు చంద్రయ్య, చంకన మూటతో, గుంపును తోసికొని లోపలికి వచ్చెను.

"ఏంది బావా, ఊరంతా ఎడ్లు విప్పేశారు? ఈ పురుగు ఏ పక్కకి కాలు చాపితే ఆ పక్క నుంచి వాన వస్తుందంట గదా! రోడ్డు మీద చెప్పుకుంటున్నారు!"

పురుగు మరల ముడుచుకొనెను. నలువది మంది ఒక్కమారుగా "ష్‌ష్!" అనిరి. చంద్రయ్య మూటతో సహా కూలబడెను.

"ఎవరు సెప్పిండ్రు గా మాట?" అని మట్టయ్య పెదవులు మాత్రమే కదలించి అడిగెను.

"నువ్వే చెప్పావంట!"

మట్టయ్య అబద్ధమాడి ఎరుగడు. నిజము చెప్పి అందరిని పనికి పంపవలెనని నోరు తెరచెను. అయితే సరిగా అప్పుడే పురుగు మొదటి కాలు వెలుపలికి వచ్చెను. మట్టయ్య నోరు మూసికొనెను. ధర్మమునకును కూతురి అరచేతికిని నడుమ చిక్కుకొన్న తండ్రి ఏమి చేయవలెనో ఏ శాస్త్రమునను లేదు. ఉన్నను, శాస్త్రము చదువుటకు అతనిని ఎవరు బడిలో ఉండనిచ్చిరి?

రెండవ కాలు. మూడవ కాలు. నలువది మంది ఊపిరి బిగబట్టిరి. మట్టయ్య సైదులు చేతిని పట్టి, సత్తి చేతికి ఆనించి, వంతెన కట్టెను. నాలుగు. ఐదు. ఆ నిశ్శబ్దములో ఒక సన్నని కంఠము వినబడెను.

"నాయినా, ఉచ్చ వస్తాంది."

సేనలన్నియు గడగడలాడెను.

"జర ఆగు కొడుకా," అనెను మట్టయ్య.

"జర ఆగు నా తండ్రీ," అనెను, అంతదాక అలిగి యున్న భద్రమ్మ.

"ఆగు పిలగా, మగోనివి గాదా!" అనెను ఐలన్న, తన యాభై ఏండ్ల పరువును మరచి.

చంద్రయ్య ఏమో అనబోయెను; నలువురు వాని నోరు మూసిరి. సైదులు రెండు మోకాళ్లను ఒకదానితో ఒకటి బిగించి, పెదవి కొరికి, కన్నులు పెద్దవి చేసి, చేతిని మాత్రము కదలింపక నిలుచుండెను. ఇట్టి నిగ్రహమును చూపించినవానికి పూర్వము ఊళ్లు దానమిచ్చిరట. సైదులునకు ఎవడు ఏమిచ్చును?

ఆరు. ఏడు. ఎనిమిది.

నడిచెను! సత్తి అరచేతి నడుమ నుండి, గీతలు దాటుచు, చిటికెన వేలి మొదలెక్కి, వంతెన దాటి, సైదులు చేతిలో అడుగుపెట్టి, తొందర యన్నది పుట్టుకలోనే ఎరుగని దానివలె, ఎర్రని రాణివలె నడిచెను. సత్తి నవ్వలేదు, అరవలేదు. నోరు కొంచెము తెరిచి చూచుచుండెను. ఆమె చూపు పురుగు మీద నుండి తండ్రి మొగము మీదికి పోయి, మరల పురుగు మీదికి వచ్చెను. ఆ ఒక్క చూపుతో మట్టయ్య వీపు మీది రక్కసి కింద పడెను.

"నలభై ఏండ్లు దున్నిన," అనెను ఐలన్న, ఎవరితోనో తెలియదు. "దీని మీదికెల్లే దున్నిన. ఇది ఇంత సక్కగ నడుస్తదని నాకు ఎరుకలే."

పురుగు సైదులు మణికట్టు చేరెను. మట్టయ్య దానిని గరికపోచ మీదికి ఎక్కించి, గట్టు నీడన, గొర్రు పోని చోట విడిచెను. సైదులు ఆముదపు చెట్టు వైపు పరుగెత్తెను. సగము దూరము విజయవంతముగా పోయెను.

"ఇగ వాన ఎటుకెల్లి వస్తదిరా?" అని ఐలన్న అప్పుడు అడిగెను.

"నాకేమెరుక అన్నా? నేను పిల్లలకు పురుగును సూపెట్టిన."

ఒక్క క్షణము ఎవరికిని అర్థము కాలేదు. అర్థమైన తరువాత లేచిన కోలాహలమును వర్ణింప మాటలు చాలవు. తిట్లు, నవ్వులు, ఎడ్ల గంటలు, "పదును పాయె, ఉరుకుండ్రి!" అను కేకలు! ఐలన్న గొర్రును భుజమున వేసికొని, శాసన ప్రకారము వంతు తనదే కనుక తీసికొనిపోయెను. పోవుచు పోవుచు తన మనుమరాలిని ఇంకొక భుజమున ఎక్కించుకొనెను. మట్టయ్య చెలకకు గొర్రు వచ్చుసరికి పొద్దు నెత్తి మీది నుండి జారెను. భద్రమ్మ సణుగుచునే గింజలు పోసెను. ఆ యేటి పంట ఎప్పటివలెనే ఉండెను, అనగా చాలీచాలక.

కావున లోకులారా, ఎరుగుడు! విరోధి నామ సంవత్సరమున మట్టయ్య జయించిన రాజ్యము ఆరేండ్ల పిల్ల అరచేతి నుండి నాలుగేండ్ల పిల్లవాని మణికట్టు దాక, పొడవున జానెడు. ఏలిన కాలము, చుట్ట ముట్టించి నాలుగు దమ్ములు గుంజునంత. ప్రాణనష్టము లేదు. తడిసినది ఒక్క గోచి. పురుగు క్షేమము. ఇంతకంటె పెద్ద రాజ్యమును గెలిచి పిల్లలకు చూపినవాడుండిన, ముందుకు రమ్మనుడు!

జయము మట్టయ్యకు, జయము! కొంచెము మెల్లగా అనుడు, జయము.