ఒకే మాత్రకు అయిదు పేర్లు

మందుకు ఒకే ఒక్క పేరుండాలని వాదించేవాళ్ళు మానవజాతికి శత్రువులు! ఇరవై రెండేళ్ళుగా ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో రోగులను చూస్తూ, వైద్య విద్యార్థులకు మందుల పాఠం చెబుతున్న నేను ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను.

ఆలోచించండి. పారాసిటమాల్‌ని పారాసిటమాల్ అనే పిలిస్తే, కొత్త పేర్లు కనిపెట్టేవాళ్ళు ఏమైపోవాలి? మందు పెట్టెల మీద పరుగులు తీసే తాతయ్య బొమ్మ గీసేవాళ్ళ గతేమిటి? మా పక్కింటివాళ్ళు కవలలకు పేర్లు దొరక్క నా మందుల జాబితా పట్టుకుపోయారు. పెద్దది రింగానా, చిన్నది లెగాఫా. ఒకటి జ్వరం మందు, రెండోది నడుంనొప్పి మందు. పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నారో!

ఇక నా విద్యార్థులంటారా? మొదటి పాఠంలోనే గంటకు నూట ఎనభై స్లైడ్లు చూపిస్తాను. మాత్ర నోట్లో పడ్డ క్షణం నుంచి ఒంట్లోంచి బయటికి వెళ్ళేదాకా దాని జీవితచరిత్ర బట్టీ కొట్టేస్తారు. దాన్ని మింగిన మనిషి సంగతి మాత్రం అడక్కండి. సిలబస్‌లో లేదు.

పోయిన నెల గలిహ్ అనే కుర్రాడినీ, వెనింగ్ అనే అమ్మాయినీ మొట్టమొదటిసారి రోగి ముందు కూర్చోబెట్టాను. వచ్చినావిడ తుగియెం బామ్మ. దుంపలూ పసుపూ నూరి కాచిన 'జాము' అనే నాటు కషాయాన్ని సీసాల్లో పోసి, బుట్ట వీపుకు కట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముతుంది. మోకాళ్ళ నొప్పికి ఒక్క వారంలో అయిదుగురు డాక్టర్లను చూసొచ్చిందట.

"మోకాలి మాట అటుంచండి నాయనా. రెండ్రోజులుగా కడుపులో ఒకటే తిప్పు. అన్నం చూస్తే వాంతొస్తోంది," అంటూ సంచిలోంచి అయిదు రకాల మాత్రలు తీసి బల్లమీద పరిచింది.

గలిహ్ ఒక అట్ట అందుకున్నాడు. అది మెదడులో ఏం చేస్తుందో, కాలేయంలో ఎలా విరుగుతుందో మూడు నిమిషాల పాటు ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. గర్వంతో నా కళ్ళు చెమర్చాయి. అక్షరం పొల్లుపోకుండా నా నలభై ఒకటో స్లైడ్!

"బాగా చెప్పావు బాబూ. ఇంతకీ ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా?" అంది బామ్మ.

గలిహ్ వెనింగ్ వంక చూశాడు. వెనింగ్ ఫ్యాన్ వంక చూసింది.

"సార్, వాంతులకు ఇంకో మాత్ర రాసేద్దామా?" అన్నాడు గలిహ్ ధైర్యం తెచ్చుకుని.

ఈలోగా బామ్మ కళ్ళజోడు పెట్టుకుని అయిదు అట్టలనూ వరుసగా తిప్పి చూసింది.

"ఉండండర్రా! పైన పెద్దక్షరాలు వేరేవేరే. అడుగున చీమ తలకాయంత అక్షరాలున్నాయే, అవి అయిదింటి మీదా ఒకటే. పా... రా... సి... ఏవిటర్రా ఈ మాయ?"

"మాయేం కాదు బామ్మా, కంపెనీలు వేరు," అన్నాడు గలిహ్.

"నాకు చెప్పొచ్చావా? పసుపూ చింతపండూ కాచిన ఒక్క కుండలోంచే నేను అయిదు సీసాలు నింపుతాను. ఒకటి పెళ్ళికూతుళ్ళకి, ఒకటి బాలింతలకి, ఒకటి ఆఫీసువాళ్ళ నడుముకి. కానీ అయిదూ ఒక్కరి చేత ఏనాడూ తాగించలేదమ్మా!"

వెనింగ్ మొహంలో రంగు మారింది. "బామ్మా, రోజుకెన్ని వేసుకుంటున్నావు?"

"చీటీల్లో రాసినట్టే. ఒక్కోటి మూడు పూటలా."

"పదిహేను! ఎనిమిది దాటకూడదు! సార్, కాలేయం పాడైపోతుంది!" అని అరిచింది వెనింగ్. స్లైడ్ లేకుండా ఆ పిల్ల మాట్లాడగా వినడం అదే మొదలు.

అప్పటికప్పుడు చేర్చుకుని, రక్తం తీసి, విరుగుడు ఎక్కించాం. ఫలితాలు వచ్చేదాకా గలిహ్ వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. కాలేయం నిలబడింది. మూడోనాటికి బామ్మ మంచం మీద కూర్చుని నర్సులకు నడుంనొప్పి సీసా అంటగట్టబోయింది.

ఇంటికి పంపే ముందు వెనింగ్ ఆ అయిదు చీటీలూ తెచ్చింది. "నాలుగు సంతకాలు అర్థమయ్యాయి సార్. అయిదోది ఎంతకీ అంతుపట్టడం లేదు."

"చదవడం దేనికే పిల్లా? రాసినాయన నీ ముందే నిలబడ్డాడుగా," అంది బామ్మ.

చీటీ చూశాను. నా రాతే! మోకాలు గుర్తొచ్చింది కానీ మనిషి గుర్తు రాలేదు. మందులకు బోలెడు పేర్లుండటం వరమని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? ఆ గుంపులో డాక్టరు పేరు కూడా హాయిగా దాక్కోవచ్చు!

"మరి ఆ రోజు మీరేమడిగారు సార్?" అన్నాడు గలిహ్, అమాయకంగానో, కావాలనో.

"నన్నేం అడగలా. తల పైకెత్తితేగా?" అంది బామ్మ.

మన్నించమని ఆవిడను అడిగాను. "సర్లే నాయనా," అని బుట్ట సర్దుకుంది.

ఈ నెల చేరిన కొత్తవాళ్ళకి మొదటి పాఠంలో ఒక్క స్లైడూ లేదు. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని అడగడం మాత్రమే నేర్పుతున్నాను. ఆ ప్రశ్నను ఏ కంపెనీ తయారుచేయదు, దాని పెట్టె మీద ఏ తాతయ్యా పరుగెత్తడు. అందుకే కాబోలు, నాకెవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళుగా నేనూ ఎవరికీ నేర్పలేదు.