సగం ముద్ద మొక్కు

ఆ ఉదయం లక్ష్మణప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారకముందే లేచి, మురుగమల్ల దర్గాకు పోయే రోడ్డు మీద గురప్ప హోటలు దాకా నడిచి, ఊరు నిద్రలేచేలోగా ఇంటికొచ్చి పడాలి. అంతే.

దీనికి కారణం చింతామణిలో డాక్టరు వీణ. "షుగరు ఇంకా లోపలికి రాలేదప్పా, గడప మీద కూర్చోనుండాది. బరువు తగ్గితే లేసి పోతాది. రెండు నెలలు చూస్తా, తగ్గకుంటే మాత్రలు," అంది. కడుపు మాడ్చుకోవద్దంది. పగలు ఒక రాగిముద్ద, రాత్రి సగం, తగ్గించినంత మేరకు ఆకుకూర, పప్పు. రోజూ నడక. ఒక బోండా తింటే ఆ క్యాలరీలు కరగడానికి అర్ధగంట నడవాలని కూడా చెప్పింది.

లక్ష్మణప్ప నిజంగానే భయపడ్డాడు. వాళ్ళ నాయన చివరి రోజుల్లో పిడికెడు మాత్రలు మింగి, ఆ తర్వాత కడుపుకు సూదులు వేయించుకొనేవాడు. ఆ సూదులు వేసింది ఈయనే.

ముద్ద తగ్గించడం కష్టమే గానీ ఇంట్లో జరిగే పని. నడకే సిగ్గు. పొలమున్న మనిషి పాలక్యాను పట్టుకొని నడవొచ్చు, పార భుజాన వేసుకొని నడవొచ్చు. ఉత్త చేతులతో పోయి ఉత్త చేతులతో తిరిగొస్తే మతి చెడిందంటారు. అందుకే కొత్తగా కొన్న తెల్ల బూట్లను సంచిలో దాచి, ఊరు దాటాక వేసుకోవచ్చులే అని వట్టి కాళ్ళతో బయల్దేరాడు.

నాలుగిళ్ళు దాటకముందే, వాకిట్లో కల్లాపి చల్లుతున్న అక్కయమ్మ తలెత్తింది.

"యాడికి పోతాండావు లక్ష్మణప్పా, ఇంత పొద్దున్నే?"

"ఇట్లనే... మురుగమల్ల దిక్కు."

ఆమె ఆయన కాళ్ళ వైపు చూసింది. చెప్పుల్లేవు. చేతిలో సంచి ఉంది. "దర్గాకు మొక్కుకొన్నావా అప్పా?"

కాదంటే సంచిలో ఏముందో చెప్పాలి. లక్ష్మణప్ప "ఊ" అన్నాడు.

మర్నాడు అక్కయమ్మ గ్లాసు నిండా పాయసంతో గుమ్మంలో నిలబడి ఉంది. మొక్కు మీద నడిచే మనిషిని ఉత్త కడుపుతో పంపితే ఊరికి మంచిది కాదట. సంచిలో దర్గాకు కానుక ఉందనుకొని, దాన్ని ముట్టుకొని కళ్ళకద్దుకొంది కూడా. ఇక బూట్లు బయటికి తీయడం కుదరని పని. ఆ మర్నాటికి సంగతి గురప్ప హోటలుకు చేరింది. వేడి బోండాలు ఆకులో పెట్టి ఎదురు చూస్తున్నాడాయన. దారిలో రామాంజినప్ప తోట దగ్గర రెండు టెంకాయ బొండాలు. వద్దంటే నొచ్చుకొంటారు, అందువల్ల లక్ష్మణప్ప ఎవరినీ నొప్పించలేదు.

ఇంట్లో మునిరత్నమ్మ డాక్టరు చెప్పినట్టు కొలతగా వండి పెడుతోంది. అయినా మొగుడి అంగీ గుండీలు రోజురోజుకీ బిగుసుకుంటున్నాయి. ఒకనాడు కొంగు తల మీదికి లాక్కొని దూరంగా ఆయన వెనకే నడిచింది. హోటలు చేరేసరికి మూడో బోండా లక్ష్మణప్ప నోటి దగ్గరుంది.

"కూర్చోమ్మా," అన్నాడు గురప్ప. "మీ ఆయన మొక్కు మీద నడుస్తాండాడు. పెట్టకుండా పంపితే నాకు పాపం."

మునిరత్నమ్మ మొగుడిని చూసింది, సంచి మూతి దగ్గర వేలాడుతున్న బూటు తాడు చూసింది. విషయం అర్థమైంది. నిజం చెబితే పరువు పోయేది ఆయనొక్కడిదే కాదు. ఆయన చేతిలోని బోండాను తీసి ఆకులో పెట్టింది.

"మొక్కు సంగతి మీకు సరిగ్గా చెప్పినట్టు లేడన్నా. తీరేదాకా నూనెలో ఏసింది ముట్టకూడదు, తీపి తినకూడదు. పగలొక ముద్ద, రాత్రి సగం. ఆకుకూర ఎంతైనా తినొచ్చు. రోజూ దర్గా దాకా నడవాల."

"దర్గా దాకానా?" అన్నాడు లక్ష్మణప్ప.

"మొక్కుకొన్నది నువ్వే కదా."

గురప్ప లెంపలు వేసుకొన్నాడు. "తెలీక నా చేత్తో నేనే చెడగొడితినే."

ఆ రోజు నుంచి లక్ష్మణప్ప నోటికి ఊరంతా కాపలా. హోటలు ముందు ఆయన నడక కొంచెం నెమ్మదించినా గురప్ప లేచి నిలబడి దారి చూపించేవాడు. మంచేనహళ్ళి పెళ్ళిలో ఆకులో పడ్డ లడ్డును అక్కయమ్మ పక్క వరసలోంచి వచ్చి మరీ తీసేసింది. అందరూ చిత్రాన్నం, బజ్జీలు తింటుంటే ఆయన పెసరపప్పు కోసుంబరి, మజ్జిగతో లేచాడు. ఆకలి కంటే మర్యాదే ఎక్కువ బాధ పెట్టింది.

రెండు నెలలకు డాక్టరు వీణ రిపోర్టు చూసి నవ్వింది. "గడప మీద నుంచి లేసి పోయిందప్పా. మాత్రలు అక్కర్లేదు." లక్ష్మణప్ప గబగబా బయటికొచ్చాడు. నాయన గుర్తొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాడు. ఆ సంతోషంలోనే బస్సు దిగాడు, ఆ సంతోషంలోనే నోరు జారాడు.

"మొక్కు తీరిందా అప్పా?" అంది అక్కయమ్మ.

"తీరింది."

"అయితే కందూరి ఎప్పుడు?"

దర్గా మొక్కు తీరితే పొట్టేలు కోసి పదిమందికీ అన్నం పెట్టాలి. ఎవరూ కాదనలేని ఆచారం. లక్ష్మణప్ప కాదనాలనుకోలేదు కూడా. కందూరి పెట్టుకొన్న శుక్రవారం దాకా ఆయన కలల్లో పొట్టేలే తిరిగింది.

శుక్రవారం మురుగమల్లలో భోజనాల బంతులు కూర్చొన్నాయి. మొదటి ఆకు మొక్కుకొన్నవాడిది. మునిరత్నమ్మే స్వయంగా వడ్డించింది. సగం ముద్ద, గుట్టగా ఆకుకూర, పక్కన రెండు తునకలు.

"అదేమమ్మా, మొక్కు తీరింది కదా?" అన్నాడు గురప్ప.

"అది తీరిందన్నా. ఇంకొకటి మొక్కుకొన్నాడు."

లక్ష్మణప్ప తలెత్తాడు. "ఎన్నాళ్ళకు?"

గరిటె పట్టుకొని ఆమె ఆయన వైపే చూసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"బతికినన్ని దినాలూ."

పొట్టేలు బాగా కుదిరిందని ఊరంతా మెచ్చుకొంది.